పిల్లలకోడి నీలం ఎక్కడ పోయింది?

ఫొటో చూసి అమ్మ ఒక్కటే మాట అంది.

'ఇదేందిరా కొడుకా, అన్నీ తెల్లగనే ఉన్నయి... సున్నం సల్లినట్టు. నీలం యాడ పోయింది?'

అంతే! మూడు రాత్రుల జాగారం, అటూ ఇటూగా లక్ష రూపాయలు పెట్టి కొన్న కెమెరా, నెలరోజులు కంప్యూటరు ముందు కూర్చుని పడ్డ పాట్లు... అన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు తేలిపోయాయి. కొడుక్కి ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకంటే అమ్మ అన్నది నిజం. నీలం నిజంగానే పోయింది. అదెక్కడ పోయిందో వెతకడానికి ఆయనకు ఏడాది పట్టింది.

ఆయన హైదరాబాద్‌లో విద్యుత్‌ శాఖలో సబ్‌ ఇంజినీరు. యాభై దాటాయి. సొంతూరు అచ్చంపేట అవతల, నల్లమల అంచున చిన్న పల్లె. అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఆమెకు డెబ్భై ఆరేళ్లు. రెండు కళ్లలోనూ నీటికాసులు. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది తప్ప పోయిన చూపు రాదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. గొట్టంలోంచి చూసినట్టన్న మాట. చీకటి పడితే ఆ కాస్తా మసకే. ఆకాశంలో చుక్కలు కనిపించడం మానేసి చాలాకాలమైంది.

అదే ఆయన బాధ. ఎందుకంటే ఆయనకు చుక్కలు చూపించిందే ఆవిడ.

వేరుశెనగ చేనుకు అడవిపందుల బెడద. చలికాలం రాత్రుళ్లు నాన్న, అమ్మ వంతులవారీగా కావలి కాసేవారు. పిల్లవాణ్ని గొంగట్లో చుట్టి మంచె మీద పడుకోబెట్టేవారు. వాళ్ల దగ్గర గడియారం లేదు. పిల్లలకోడి నడినెత్తికొస్తే సగం రాత్రి అయినట్టు లెక్క. పంచాంగంలో కృత్తిక అంటారే, అదే పల్లెల్లో పిల్లలకోడి. ఒక చోట గుత్తిగా కనిపించే చిన్న చిన్న చుక్కలు. తల్లికోడి చుట్టూ పిల్లలు మూగినట్టుంటాయి కాబట్టి ఆ పేరు. 'ఎన్ని ఉన్నయో లెక్కపెట్టు' అనేది అమ్మ. పిల్లవాడికెప్పుడూ ఆరే తేలేవి. అమ్మ మాత్రం ఏడు అనేది. 'ముక్కుపుడక రాయి లెక్క నీలంగ మెరుస్తయి సూడు' అనేది. మామూలు చూపుకి ఆరు కనిపిస్తాయి. చీకటి బాగా ఉండి చూపు చురుగ్గా ఉంటే ఇంకొకటో రెండో తేలతాయి. అమ్మ కళ్లు అప్పట్లో అలాంటివి.

ఇప్పుడు ఆ కళ్లకు వేళ్ల సందున పట్టుకుని చూసే ఫొటో ఒక్కటే దారి. అది కూడా ఎన్నాళ్లో తెలియదు. పోనీ ఎప్పుడు పడితే అప్పుడు తీద్దామంటే కుదరదు. పిల్లలకోడి రాత్రంతా కనిపించేది నవంబరు, డిసెంబరుల్లో. ఏప్రిల్‌ చివరికల్లా సూర్యుడి వెనక్కి పోతుంది. నెలలో చంద్రుడి వెలుగు లేని రాత్రులు పది. అందులో మబ్బు లేనివి కొన్ని. సెలవు కలిసొచ్చేవి ఒకటో రెండో. కార్తికమాసానికి ఆ పేరే కృత్తిక వల్ల వచ్చింది. ఆ పౌర్ణమికి చంద్రుడు సరిగ్గా ఆ చుక్కల దగ్గరే ఉంటాడు. ఊరంతా దీపాలు పెట్టి మురిసిపోయే ఆ రాత్రి ఫొటోకి మాత్రం పనికిరాదు.

పిక్సెల్‌ అనే మీటరు

మొదటిసారి 2023 డిసెంబరులో, అమావాస్య రోజుల్లో పల్లెకు పోయి తీశారు. ఎనభై మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపు, భూమి తిరుగుడుకు ఎదురు తిరిగే స్టాండు, లోపలే చల్లబరుచుకునే కెమెరా. ఆ కెమెరాలో సెన్సర్‌ సోనీ వాళ్ల ఐఎంఎక్స్‌ 533. మూడు వేల ఎనిమిది పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు. అలవాటుగా వాడే కెమెరాల్లో ఐఎస్‌వో అని ఒకటుంటుంది చూడండి, ఇందులో దాన్నే గెయిన్‌ అంటారు. సున్నా నుంచి పైకి పెంచుకుంటూ పోవచ్చు. చీకట్లో, అంతంత మాత్రం వెలుగుండే వస్తువును తీస్తున్నాం కదా, ఎంత ఎక్కువ పెడితే అంత వెలుగు దొరుకుతుందనుకున్నారు. మూడొందలు పెట్టారు. ఒక్కో ఫొటోకి మూడు నిమిషాలు.

కంప్యూటరు తెర మీద మొదటి ఫొటో పడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. బ్రహ్మాండం! చుక్కల చుట్టూ ఉండే పల్చటి ధూళి మేఘం కూడా అప్పటికప్పుడే కనిపిస్తోంది. గెయిన్‌ ఎక్కువ పెట్టిన ప్రతివాళ్లూ పడే సంబరమే అది. ఫొటో వెలుగ్గా ఉండటం వేరు, అందులోకి వెలుగు రావడం వేరు. పాత ట్రాన్సిస్టర్‌లో వాల్యూమ్‌ పెంచితే పాట గట్టిగా వినబడుతుంది, దాంతోపాటు గురగుర కూడా. స్టేషను మాత్రం మనకు దగ్గరగా జరగదు. గెయిన్‌ కూడా అంతే. టెలిస్కోపు నోరు ఎంత పెద్దదో, ఎంతసేపు తెరిచి ఉంచామో... వెలుగు అంతే వస్తుంది. గెయిన్‌ ఎంత తిప్పినా ఒక్క కాంతి కణం కూడా అదనంగా రాదు.

మరి గెయిన్‌ చేసేదేంటి? అమ్మ మాట అన్న రోజు నుంచి ఆయన పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు చివరికి తన ఉద్యోగంలోనే దొరికింది.

సెన్సర్‌ మీద పడిన కాంతి కణాల్లో చాలావరకు లోపల ఒక్కో ఎలక్ట్రాన్‌గా మారతాయి. ఒక్కో పిక్సెల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగయ్యాయో ఫొటో ముగిశాక కెమెరా లెక్కపెట్టి అంకె రాసుకుంటుంది. అంటే కోటికి కాస్త తక్కువగా, తొంభై లక్షల కరెంటు మీటర్లు... ఒకేసారి అందరి రీడింగూ తీసినట్టు. ఈ మీటర్లకు అంకెలకు హద్దుంది. ఈ సెన్సర్‌లో అది 16,383. అంతకు మించి రాయడానికి చోటు లేదు. గెయిన్‌ అంటే... ఎన్ని ఎలక్ట్రాన్లను ఒక యూనిట్‌గా రాయాలి అన్న నిర్ణయం. గెయిన్‌ సున్నాలో దాదాపు మూడు ఎలక్ట్రాన్లకు ఒక యూనిట్‌. వందలో ఒక ఎలక్ట్రాన్‌కు ఒక యూనిట్‌. మూడొందల్లో ఒక్క ఎలక్ట్రాన్‌నే పది యూనిట్లుగా రాస్తుంది. అందుకే ఫొటో అంత వెలుగ్గా కనిపించింది. వచ్చిన ఎలక్ట్రాన్లు అవే, రాసిన అంకె పదింతలు.

అంకె పదింతలైతే హద్దు కూడా పదింతలు తొందరగా వచ్చేస్తుంది కదా! సున్నాలో ఒక పిక్సెల్‌ యాభై వేల ఎలక్ట్రాన్ల దాకా లెక్క చూపగలదు. వందలో పదహారు వేలు. మూడొందల్లో పదహారు వందలే. ఆపైన ఎన్ని వచ్చినా మీటరు తిరగదు, ఆఖరి అంకె దగ్గర బిగుసుకుపోతుంది. ఎరుపు, పచ్చ, నీలం... ఈ మూడు రంగుల పిక్సెళ్లూ ఆ ఆఖరి అంకె దగ్గరే ఆగిపోతే చుక్కకు మిగిలే రంగు ఏది? తెలుపు. సున్నం చల్లినట్టు.

అమ్మకు కనిపించింది అదే. మళ్లీ బాగుచేద్దామన్నా కుదరని తప్పు ఇది. చీకటిగా వచ్చిన ఫొటోను తర్వాత పైకి లాగవచ్చు. ఆగిపోయిన మీటరులో ఎంత కాలిందో ఎవరు చెప్పగలరు?

ఒకటో రెండో యూనిట్ల తప్పు

అయితే సున్నా పెట్టుకుంటే సరిపోతుందిగా? యాభై వేల చోటు ఉంది కదా!

ఇక్కడే ఉంది అసలు కిటుకు. మీటరు రీడింగు తీసేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా ప్రతిసారీ ఒకటో రెండో యూనిట్లు అటూ ఇటూ రాస్తాడనుకోండి. నెలకొకసారి వచ్చి మూడొందల యూనిట్లు రాసుకుపోతే ఆ తప్పు ఎవరికీ కనబడదు. అదే రోజుకు పదిసార్లు వచ్చి ఒక్కో యూనిట్‌ రాసుకుపోతే? బిల్లులో సగం తప్పే ఉంటుంది. కెమెరా కూడా రీడింగు తీసిన ప్రతిసారీ కొంత తప్పు చేస్తుంది. దాన్ని రీడ్‌ నాయిస్‌ అంటారు. ఈ సెన్సర్‌లో గెయిన్‌ సున్నా దగ్గర అది 3.8 ఎలక్ట్రాన్లు. వంద దగ్గరకు వచ్చేసరికి లోపల వేరే సర్క్యూట్‌ అందుకుంటుంది. దాంతో తప్పు ఒక్కసారిగా, మెట్టు దిగినట్టు, 1.5కు పడిపోతుంది. అక్కడి నుంచి మూడొందల దాకా పోయినా తగ్గేది ఇంకో అర ఎలక్ట్రాన్‌ కూడా కాదు. ఆ అర కోసం చోటు మాత్రం పదోవంతుకు కుదించుకుపోతుంది! తయారీదారులు కెమెరాతోపాటు ఇచ్చే గ్రాఫులో ఇదంతా గీతల్లో ఉంది. కొన్నరోజునే ఆయన ఆ కాగితాన్ని అట్టపెట్టెలో మడిచి అటక మీద పడేశారు. మనలో మిక్సీ కాగితం చదివినవాళ్లు ఎంతమంది గనక!

ఈసారి మాత్రం కాగితాన్ని నమ్మి ఊరుకోలేదు. తన కెమెరాను తానే పరీక్షించుకున్నారు. టెలిస్కోపు మూతికి ఉతికిన తెల్లపంచె బిగించి, దాని మీద ట్యాబ్‌లెట్‌ తెర వెలుగు పడేట్టు పెట్టి, ఒక్కో గెయిన్‌లో రెండేసి ఫొటోలు తీశారు. మూత పెట్టేసి మరో రెండు. రెంటికీ తేడా తీస్తే తప్పు ఎంతో బయటపడుతుంది. ఆ వర్షాకాలమంతా ఆదివారాలు దాంతోనే గడిచాయి. మబ్బు పట్టినా ఆగని పని అది.

'మూత పెట్టి ఫొటోలు తీసుడేందండీ?' అని భార్య నవ్వింది.

నిజానికి మూత పెట్టి తీసే ఫొటోలు ఎప్పటికీ కావాలి. సెన్సర్‌ తనంతట తాను పుట్టించే మచ్చల్ని తర్వాత తీసివేయడానికి అవే ఆధారం. అసలు ఫొటో ఏ గెయిన్‌లో, ఎంతసేపు, ఎంత చలిలో తీశామో మూత ఫొటోలు కూడా సరిగ్గా అలాగే తీయాలి. ఒక్కటి మారినా లెక్క కుదరదు. గెయిన్‌ను రోజుకొకటి మార్చేవాళ్లు మూత ఫొటోలన్నీ మళ్లీ మొదట్నుంచి తీసుకోవాల్సిందే. అందుకే చాలామంది ఒకటి తేల్చుకుని దానికే కట్టుబడతారు. ఎందుకు తేల్చుకున్నామో తెలియకుండానే కట్టుబడేవాళ్లూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

చీకటికి ధర ఎంత?

తప్పు ఎంతో తెలిసింది. మరి ఎంత తప్పయితే ఫరవాలేదు? దానికి జవాబు ఆకాశం చెబుతుంది.

ఎంత చీకటి రాత్రయినా ఆకాశం పూర్తి నలుపు కాదు. ఆ వెలుగు కూడా పిక్సెళ్లలో పడుతూనే ఉంటుంది. వాన చినుకుల్లాగే కాంతి కూడా ఒకే తీరున రాలదు. ఒక పెంకు మీద పది చినుకులు పడితే పక్క పెంకు మీద పదమూడు పడతాయి. ఆ హెచ్చుతగ్గులు కెమెరా చేసే తప్పు కన్నా బాగా ఎక్కువైతే, కెమెరా తప్పు వాటిలో కలిసిపోతుంది. ఉన్నా లేనట్టే. స్థూలంగా లెక్క ఇదీ: కెమెరా తప్పును దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పదింతలు చెయ్యాలి. ఆకాశం నుంచి పిక్సెల్‌లో కనీసం అన్ని ఎలక్ట్రాన్లు పడేదాకా కెమెరా తెరిచి ఉంచాలి. అంతకు మించి ఉంచితే లాభం తక్కువ.

ఆయన ఉండే అపార్టుమెంటు డాబా మీద ఆ టెలిస్కోపుతో ఆకాశం నుంచే పిక్సెల్‌కు సెకనుకు రెండు ఎలక్ట్రాన్ల దాకా పడుతున్నాయి. గెయిన్‌ వందలో పదకొండు సెకన్లు చాలు. సున్నాలో అయినా నిమిషం మీద పన్నెండు సెకన్లు. పల్లెలో ఆకాశం ఇచ్చేది అందులో పదోవంతు. అక్కడ వందకు రెండు నిమిషాలకు కాస్త తక్కువ. సున్నాకు పన్నెండు నిమిషాలు! అంటే చీకటి పెరిగేకొద్దీ కెమెరా తప్పు బయటపడుతుంది. పట్నంలో ఏ గెయిన్‌ అయినా పెద్ద తేడా తెలియదు, ఆకాశపు వెలుగే అన్నిటినీ మింగేస్తుంది. గెయిన్‌ గురించి ఆలోచించాల్సి వచ్చేది మంచి ఆకాశం దొరికినప్పుడే.

ఇంతకీ చుక్కల రంగు మాటేంటి? నోటుపుస్తకంలో ఆయన వేసుకున్న ఆఖరి లెక్క అదే. ఒక చుక్క నుంచి సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తే మీటరు ఆఖరి అంకె దగ్గర ఆగిపోతుంది? గెయిన్‌ సున్నా, పన్నెండు నిమిషాలు అయితే... యాభై వేలను ఏడువందల ఇరవై సెకన్లతో భాగిస్తే డెబ్భై దగ్గర. గెయిన్‌ వంద, రెండు నిమిషాలైతే... పదహారు వేలను నూట ఇరవైతో భాగిస్తే నూట ముప్ఫై. ఆయన ఒకటికి రెండుసార్లు వేసి చూసుకున్నారు. చోటు మూడోవంతే ఉన్నా, తెరిచి ఉంచే సమయం ఆరోవంతుకు తగ్గింది కాబట్టి వందలోనే చుక్కలు ఎక్కువ బతుకుతున్నాయి! మూడొందల్లో నిమిషం చాలు, కానీ హద్దు ఇరవై ఆరుకే. తాను మొదటిసారి పెట్టినట్టు మూడొందల్లో మూడు నిమిషాలైతే? తొమ్మిది. అమ్మ పిల్లలకోడికి ఆయన విడిచిన చోటు అంత.

అన్నిటికీ వందే మంత్రమని కాదు. ఎర్రటి వాయుమేఘాల కోసం సన్నటి రంగు ఫిల్టర్లు వాడేవాళ్లకు ఆకాశం నుంచి పడేది బొత్తిగా తక్కువ, వాళ్లకు లెక్క వేరు. గురుడు, శని లాంటి గ్రహాలను సెకనుకు పదుల ఫొటోలుగా తీసేవాళ్లు రెండొందలు, మూడొందలే పెడతారు. ఇంకో సెన్సర్‌కు ఆ మెట్టు ఇంకోచోట ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు.

ఈ తిప్పుకునే వీలు కూడా ఈ తరానికే. ఈ గొడవంతా హైదరాబాద్‌కు మాత్రం కొత్త కాదు. 1901లో నవాబ్‌ జఫర్‌ జంగ్‌ సొంత డబ్బుతో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ ఆ తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. మొత్తం ఆకాశాన్ని ఫొటో తీసి చుక్కల పట్టిక తయారుచేయాలని 1887లో ప్యారిస్‌లో మొదలుపెట్టిన పనిలో హైదరాబాద్‌కూ ఒక వాటా దక్కింది. బేగంపేటలో ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు గాజుపలకలు బిగించి రాత్రులు రాత్రులు తీశారు. వాళ్లకు గెయిన్‌ లేదు. పలక ఎంత చురుకో ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోయేది. మీదపడిన నూరు కాంతి కణాల్లో అది ఒడిసిపట్టేది ఒకటో రెండో. ఈ సెన్సర్‌ దాదాపు ఎనభై. పైగా పలక అలిసిపోయేది. సమయం రెట్టింపు చేస్తే నలుపు రెట్టింపయ్యేది కాదు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది ఒక్కటే. ఆ తర్వాత నగరం వెలుగు పెరిగి, 1968లో నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా జపాల్‌–రంగాపూర్‌లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు. నగరం వెలుగు అక్కడికీ వెంటపడింది. ఇప్పుడు చీకటిని కాపాడటానికే లద్దాఖ్‌లోని హాన్లేలో ప్రత్యేకంగా ఒక ప్రాంతాన్ని కేటాయించాల్సి వచ్చింది. అది 2022 సంగతి. పల్లెపల్లెకూ వీధిదీపాల లైన్లు లాగించిన మనిషే ఇప్పుడు చీకటి వెతుక్కుంటూ వంద కిలోమీటర్లు పోతున్నాడని ఆయన సహోద్యోగులు ఆటపట్టిస్తుంటారు.

ఫెంగల్‌ చేసిన పని

2024లో కార్తిక అమావాస్య నవంబరు 30, శనివారం నాడు పడింది. ఇంతకన్నా ఏం కావాలి? రెండు నెలల ముందే సెలవు చెప్పేశారు. సామానంతా కారెక్కించారు. సరిగ్గా ఆ రాత్రే ఫెంగల్‌ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. నల్లమల మీద ఒక్క చుక్క లేదు. వాకిట్లో ముసుగు కప్పిన టెలిస్కోపు, దాని పక్కన మంచం మీద ఆయన. 'పోనీ తియ్యి కొడుకా, అది యాడికి పోతది' అంది అమ్మ. పిల్లలకోడి ఎక్కడికీ పోదు. ఆయన దిగులు దాని గురించి కాదు.

నెల తిరిగి మార్గశిరం అమావాస్య దగ్గరపడ్డాక మళ్లీ వెళ్లారు. ఈసారి ఆకాశం కడిగిన పలకలా ఉంది. చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. మన అక్షాంశంలో ధ్రువనక్షత్రం పదహారు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఎప్పుడూ ఏ చింతచెట్టో అడ్డం వస్తుంది. వాకిలి వదిలి కళ్లం దాకా మోసుకుపోయి స్టాండును దానికి గురిపెట్టారు. పిల్లలకోడి తూర్పున బాగా పైకెక్కింది. దాని కింద రోహిణి దగ్గర గురుడు దీపంలా ఉన్నాడు. కెమెరాను సున్నాకు దిగువన పది డిగ్రీల చలికి దించారు. గెయిన్‌ వంద. ఒక్కోటి రెండు నిమిషాలు. మొదటి ఫొటో తెర మీద పడింది. నల్లగా! అక్కడక్కడ చుక్కలు తప్ప ఏమీ లేదు. పోయినేడు మొదటి ఫొటోకే కనిపించిన ధూళి ఈసారి జాడ లేదు. చెయ్యి గెయిన్‌ మీదకు పోబోయింది. లెక్క గుర్తు చేసుకుని ఆగారు.

మూడు గంటల ఇరవై నిమిషాల్లో వంద ఫొటోలు. ఆపైన పది సెకన్లవి నలభై. ఇవి పెద్ద చుక్కల కోసం. ఎంత లెక్కవేసినా ఆ ఆరు చుక్కల నడిబొడ్డు తెల్లబడక తప్పదు, వాటి వెలుగు అంతటిది. అంచుల్లో నీలం మిగిలితే చాలు. మధ్యలో కుక్క ఒకటి వచ్చి స్టాండు కాలికి రాసుకుంది. ఆ రెండు నిమిషాలు పోయాయి. పోతే పోయింది రెండు నిమిషాలేగా. గెయిన్‌ సున్నాలో అయితే పన్నెండు నిమిషాలు పోయుండేవి.

వంద ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైకి లాగితే... మొదట్లో నల్లగా ఉన్నచోట ధూళి మెల్లగా పైకి తేలింది. పొగమంచులా, దువ్విన దూదిలా. ఆ ధూళి ఆ చుక్కలు పుట్టగా మిగిలింది కాదు. దారినపోతూ చుక్కల గుంపుకు తగిలిన మేఘం. చుక్కల నీలాన్నే తిప్పి కొడుతోంది. ఆ వెలుగు అక్కడ బయల్దేరి అటూ ఇటూగా నాలుగొందల నలభై ఏళ్లు. అప్పటికి చార్మినార్‌ ఇంకా లేదు.

పెద్ద సైజులో ప్రింటు వేయించడానికి ఒక స్టూడియోకు ఇచ్చారు. సాయంత్రం పోతే చేతిలో పెట్టారు. చూస్తే ఏముంది... మళ్లీ తెల్లటి చుక్కలు! 'నలుపు బాగా ఎక్కువైంది సార్‌, మేమే కాస్త వెలుగు పెంచాం' అన్నాడు కుర్రాడు, మెప్పు కోసం చూస్తూ. కోపం రాలేదాయనకు. ఏడాది కిందట తాను చేసిందీ అదేగా! ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు వెయ్యమని బతిమాలి, మళ్లీ డబ్బు కట్టి, రెండోది తెచ్చుకున్నారు.

సంక్రాంతికి పల్లెకు పోయినప్పుడు, పొద్దున్నే ఎండలో, వాకిట్లో కుర్చీ వేసి అమ్మ చేతికిచ్చారు. ఆమె ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుంది. గొట్టంలోంచి చూసే చూపు కదా, ఒకేసారి మొత్తం కనబడదు. ఒక మూల నుంచి కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోయింది. వేలు ఒక్కో చుక్క మీద ఆగుతోంది.

'ఇగ ఇట్లుంటయి. నీలంగనే ఉన్నయి.'

ఆయన గొంతుకలో ఏదో అడ్డం పడ్డట్టయింది. అమ్మ లెక్కపెట్టడం ఆపలేదు. ఏడు దాటింది, పది దాటింది. 'ఇన్ని పిల్లలున్నయా! నాకు ఏడే అనుకున్న' అంది. వెయ్యికి పైనే ఉన్నాయని చెబితే నమ్మలేదు. తర్వాత ధూళి మీద వేలు పెట్టి, 'ఈ పొగేంది? పొయ్యికాడ తీసినవా?' అని అడిగింది. మనవరాళ్లు పడీపడీ నవ్వారు. అది పొగ కాదు, దాని కోసమే మూడు గంటలు కూర్చున్నానని ఆయన చెప్పబోయి ఊరుకున్నారు.

పటం కట్టించి ఎక్కడ పెట్టమంటావంటే గోడ మీద వద్దంది. అంత ఎత్తులో ఆమెకు కనిపించదు. అట్టకు అతికించి మంచం పక్కన, కిటికీ దగ్గర పెట్టించుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్లీ చేతిలోకి తీసుకుని ఒక అంచు దాకా పోయి ఆగింది.

'దీని ఎనక మూడు సుక్కలు ఒక్క తీరుగ వస్తయి గదా... అవి తియ్యలేదా?'

మృగశిర దగ్గరి ఆ మూడు చుక్కల కింద ఒక పెద్ద వాయుమేఘం ఉంది. నడుమ పట్టపగలులా వెలుగు, అంచులు ఈ ధూళి కన్నా పల్చన. వంద గెయిన్‌లో రెండు నిమిషాలు పెడితే అంచులు వస్తాయి, నడుమ మళ్లీ సున్నమే. సమయం సగానికి సగం తగ్గించాలా, లేక ఈసారి నడుమ కోసం సున్నాకు దిగి, మూత ఫొటోలన్నీ మళ్లీ తీసుకోవాలా? ఆ రాత్రి హైదరాబాద్‌ బస్సులో ఆయన నోటుపుస్తకం తీశారు. ఎదురు సీటు లైటు వెలుగులో ఏదో రాయడం, కొట్టేయడం మొదలుపెట్టారు. ఆ మూడు చుక్కలను సాయంత్రాల్లో తీయడానికి అనువుగా ఉండేది మార్చి చివరిదాకానే. అమావాస్యలు లెక్కపెడితే మూడు తేలాయి.